ఖాళీ ఉండొచ్చు

మెట్టుగడ్డ మీద, కోచింగ్ సెంటర్ పైన రెండో అంతస్తు.
రాత్రి పది. కింద మిర్చిబండి మూసేసిండు,
నూనె వాసన మాత్రం మెట్లెక్కి వచ్చి కూసున్నది.
తెర మీద ఎర్ర అక్షరాలు:
అటువంటి కాలమ్ లేదు.

లేకపోవుడేంది?
పొద్దున నా చేత్తోనే రాసిన మోడల్‌ల.
కూలీ పేరు, ఊరు, గుంపు మేస్త్రీ పేరు, తీసుకున్న అడ్వాన్సు,
బయలెల్లిన తేదీ, తిరిగొచ్చిన తేదీ.

ఫర్హానా ఎనకనుంచి నవ్వింది.
మూడేండ్ల సంది ఆ రిజిస్టర్లు ఎక్కిస్తున్నది ఆమెనే,
కోస్గి, దామరగిద్ద, మక్తల్, ధన్వాడ.
"భయ్యా, నీ తేదీల హెచ్ లేదు. నా తేదీల ఉన్నది."
నిజమే.
నోటికి తెల్వని ఆ ఒక్క ఊపిరి కోసం
గంటన్నర నుంచి తల బాదుకుంటున్న.
యంత్రానికి యాస రాదు.

హెచ్ పెట్టిన. ఒక ఎర్రగీత పోయింది.
దాని జాగల ఇంకోటి వచ్చి నిలవడ్డది:
బయలెల్లిన తేదీ దొరికింది,
తిరిగొచ్చిన తేదీ అసలు పట్టికలనే లేదు.
నేను రాసుడైతే రాసిన, దానికి చెప్పలే.
కాయితం మీద ఇల్లు గీసి
తలుపేదని ఎతికినట్టు.

ఇప్పుడు మైగ్రేషన్ నడపాలె.
ఆ మాట కొట్టేటప్పుడు
వేళ్లు కొంచెం ఆగుతయి, ప్రతిసారీ.
కాలేజీల సారు చెప్పిన రోజు క్లాసంత నవ్వినం.
"పాలమూరోళ్లకు మైగ్రేషన్ నేర్పుతున్నవా సారూ"
అని ఎనక బెంచీ నుంచి అన్నది నేనే.
నవ్వనోడు ఒక్కడే, నారాయణపేట దిక్కు పోరడు, కుర్మయ్య.
పరీక్ష ఫీజు కట్టే నాటికి వాడు లేడు.
పుణె దగ్గర ఏదో కాలువ పని అన్నరు.

ఎంటర్ కొట్టిన.
అది అడిగింది, మర్యాదగానే:
తిరిగొచ్చిన తేదీ ఖాళీగా ఉండకూడదన్నారు.
ఇప్పటికే ఉన్న పదకొండు వందల నలభై మూడు వరుసల్లో
ఏం పెట్టమంటారు?
ఒకటి: ఇప్పుడే ఏదో ఒక విలువ ఇవ్వండి.
రెండు: ఇక్కడితో ఆపి, మోడల్ దిద్దుకుని రండి.

తెల్లారి పదింటికి లేబరాఫీసుల చూపియ్యాలె.
ఒకటి నొక్కి, ఇయ్యాల్టి తేదీ కొడితే అయిపోతది.
ఒక్క దెబ్బకు
అందరూ ఇయ్యాల ఇంటికొచ్చినట్టే.
రాయచూరు బస్సులు దిగి, మూటలు నెత్తిన వెట్టుకొని
పదకొండు వందల నలభై మూడు మంది
బస్టాండు ముంగట, ఈ రాత్రి,
ఆటో దొరుకుతదా అని చూస్తున్నట్టు.

వేలు ఒకటి మీదికి పోయింది కూడ.

"ఆరు వందల రెండో వరుస చూడు" అన్నది ఫర్హానా.
బాలకిష్టమ్మ. ధన్వాడ మండలం. అడ్వాన్సు పదిహేను వేలు.
ఇతర వివరాలు అనే గడిల,
ఎవరూ చదవరనుకొని ఎక్కించిన మాట:
బిడ్డ వచ్చి అడుగుతున్నది, ప్రతి సోమారం.

రెండు నొక్కిన.
మోడల్ తెరిచి ఆ కాలమ్ పక్కన
ఖాళీ ఉండొచ్చు అని రాసిన.
రెండు మాటలే. మళ్ల నడిపిన.
సరే అన్నది, ఆకుపచ్చగ.
సర్వర్ లేచింది. పేజీ నిండ ఆ గడులు
తెల్లగ, పైనుంచి కిందికి, ఎంత జరిపినా అవే.

రేపు ఆఫీసరు అడుగుతడు, ఇవెందుకు నింపలే అని.
ఏం చెప్పాల్నో ఇంక అనుకోలే.
ఫర్హానా బ్యాగు సర్దుకొని, స్కూటీ తాళం చేతిల పట్టుకొని
"మీ కుర్మయ్యది ఏ వరుస?" అన్నది.
వాని ముచ్చట ఎప్పుడో చెప్పినట్టున్న.
ఎతకలేదని చెప్పిన.

ఎతికిన. ఆ పేరు మీద
పంతొమ్మిది మంది ఉన్నరు.